గింజలు రాల్చిన కొమ్మ

సాయంత్రం నలుగురు ఇంటికి వస్తున్నారని తెలిసి, హాల్లో పూలకూజా అలంకరించే బాధ్యత నాదేనని ప్రకటించగానే మా ఆవిడ ‘మందారాల జోలికి మాత్రం పోకండి’ అని ఒకే ఒక్క మాట అన్నది. మందారం నీళ్లలో పెట్టినా పెట్టకపోయినా ఒక్కరోజు పువ్వే. పొద్దున కోసినది అతిథులు వచ్చే వేళకు మడిచిన గొడుగులా ముడుచుకుపోతుంది. ఆపాటి సంగతి నాకు తెలియదని ఆమె అనుకున్నందుకు నొచ్చుకున్నాను. నిజంగానే తెలియదన్నది వేరే విషయం.

పెరట్లో దొరికినవి నాలుగు గులాబీలు, గుప్పెడు నూరువరహాలు, కాసిన్ని క్రోటన్ ఆకులు, అన్నీ పొట్టివే. కూజా ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉన్న కొమ్మ ఒకటైనా లేనిదే అమరిక నిండుగా కనబడదని ఎప్పుడో చదివాను. అంత పొడుగు కొమ్మ పక్కింటి పిన్నిగారి నందివర్ధనానికే ఉంది, అదీ గోడ దాటి మా వైపు వాలి ఉంది. గోడ దాటినదాన్ని కోయడం దొంగతనం కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకుని కత్తెర అందుకున్నాను.

ఆ తర్వాతి పనంతా శాస్త్రోక్తంగా చేశాను. నీరు బాగా పీల్చుకోవాలని కాడను ఏటవాలుగా కోశాను, కారుతున్న పాలు కడిగాను, నీళ్లలో మునిగే ఆకులు కుళ్లుతాయని వాటిని దూసేశాను. పైనున్న ఆకులను మాత్రం తిప్పి చూడలేదు.

మధ్యాహ్నానికి బల్లమీది తెల్లగుడ్డపై మిరియాల్లాంటి నల్లటి గింజలు కనిపించాయి. తుడిచాను. అరగంటకు మళ్లీ రాలాయి. మా ఆవిడ అడిగితే, నీళ్లలో పెట్టిన నందివర్ధనం గింజలు రాల్చడం మామూలేనని చెప్పి, ఆ మాటకు బలం చేకూర్చడానికి వాటిని కాగితంలోకి ఎత్తి పెరట్లోని ఖాళీ తొట్టిలో నాటి వచ్చాను. ఈలోగా కొమ్మ ఒకవైపు బోసిపోతూ వచ్చింది. ఆ వైపు గోడకు తిరిగేలా కూజాను మూడుసార్లు తిప్పాను.

సాయంత్రం వచ్చినవారిలో పిన్నిగారూ ఉన్నారు. అందరూ బాగుందన్నారు. ఆవిడ మాత్రం కళ్లజోడు పెట్టుకుని, కూజా మీదికి వంగి, వేలితో ఒక ఆకును పైకెత్తారు. దాని కింద బొటనవేలంత లావున, ఆకు రంగులోనే ఉన్న నున్నటి పురుగొకటి, తోక దగ్గర చిన్న కొమ్ముతో, నింపాదిగా ఆకు అంచు కొరుక్కుంటోంది. కొమ్మ కదలగానే అది తల లోపలికి ముడుచుకున్నది. మెడ మీద నీలపు కళ్లలాంటి మచ్చలు రెండు విప్పారి సూటిగా నన్నే చూశాయి.

‘నాలుగు రోజులుగా మా చెట్టును బోడి చేస్తున్నది ఇదేనన్నమాట! మీ ఇంటికెలా వచ్చింది?’ అన్నారు పిన్నిగారు.

‘గోడ మీదుగా పాక్కుంటూ వచ్చి ఉంటుందండీ’ అన్నాను.

‘కొమ్మను కూడా మోసుకొచ్చిందా నాయనా?’

నేను జవాబు వెతుక్కుంటుండగా మా ఆవిడ అందుకున్నది: ‘అది రాల్చిన గింజలన్నీ జాగ్రత్తగా తొట్టిలో నాటారు పిన్నిగారూ. మొలకెత్తితే మొదటి మొక్క మీకే పంపిస్తాం.’