సీసాలో మూసీ

వంతెన పిట్టగోడ మీద నుంచి తాడు కట్టిన బొక్కెన కిందికి దిగుతుంది. నురగ తక్కువగా ఉన్న చోటు చూసి, అడుగు బురద కదలకుండా, ప్రవాహం నడిమి నుంచి నీరు తోడతారు. ఒక గాజు సీసాను గాలిబుడగ మిగలకుండా అంచు దాకా నింపి అక్కడికక్కడే రెండు రసాయనాలు కలుపుతారు. నీటిలో ప్రాణవాయువు ఉంటే సీసా అడుగున గోధుమ రంగు మడ్డి పేరుకుంటుంది, లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. క్రిముల లెక్క తేల్చడానికి తీసిన మరో సీసా మంచుపెట్టెలోకి వెళుతుంది. నది నీటి నాణ్యతను పరీక్షించే పని ఇలా మొదలవుతుంది. అది ఓపికతో, శ్రద్ధతో చేయవలసిన పని. సీసా నింపే సిబ్బంది మీద మాకు ఫిర్యాదు లేదు. ఆ సీసా ప్రయోగశాలకు చేరిన తర్వాత ఏమవుతుందన్నదే మా ప్రశ్న. అందులో తేలిన అంకెలు మూసీ ఒడ్డున బతికే రైతుకు గానీ, అతనికి మందు రాసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి గానీ ఎందుకు చేరడం లేదు?

జల కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. దేశంలోని నదుల నీటిని ఒక పద్ధతి ప్రకారం పరీక్షించడం 1978లో మొదలైంది. అంటే కొలతలో మనకు అనుభవం తక్కువేమీ కాదు. స్నానానికి పనికివచ్చే నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలనీ, నీటిలోని మురికిని సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి కావలసిన ప్రాణవాయువు కొలత అయిన బీఓడీ 3 మిల్లీగ్రాములు దాటకూడదనీ, 100 మిల్లీలీటర్లలో మలసంబంధ కోలిఫాం బ్యాక్టీరియా లెక్క 500 లోపుంటే మంచిదనీ, ఎంత లేదన్నా 2,500 మించరాదనీ ప్రమాణాలు ఉన్నాయి. బీఓడీ 30 మిల్లీగ్రాములు దాటిన నదీ భాగాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తొలి ప్రాధాన్య జాబితాలో చేరుస్తుంది. 2018లో దేశం మొత్తం మీద 351 కలుషిత నదీ భాగాలను గుర్తించినప్పుడు మూసీ ఆ తొలి జాబితాలోనే ఉంది.

అయితే ఈ కొలతలన్నీ ప్రధానంగా నది గురించి చెబుతాయి. బీఓడీ అంకె తేలాలంటే నమూనాను 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచాలి. నదికి ఊపిరి ఆడుతోందా, చేప బతుకుతుందా అన్న ప్రశ్నకు అది సరైన జవాబే. ఆ నీటిలో మోకాళ్ల దాకా దిగి నాట్లు వేసే కూలీకి ఏమవుతుందన్నది మాత్రం వేరే ప్రశ్న. దానికి జవాబు బీఓడీ పట్టికలో దొరకదు.

మూసీ కథ హైదరాబాదు వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది 1908 సెప్టెంబరులో నగరాన్ని ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. మూసీ, ఈసీ కలిసే బాపూఘాట్ దాటిన దగ్గర నుంచి నది రూపు మారిపోతుంది. ఒకప్పుడు వేసవి వస్తే ఇసుక తేలే నది ఇప్పుడు పన్నెండు నెలలూ పారుతోంది. పారే నీరు కొండల మీద కురిసిన వాన కాదు. మంజీరా నుంచి, కృష్ణ నుంచి, గోదావరి నుంచి నగరం పైపుల్లో తెచ్చుకుని, తాగి, కడిగి, వదిలేసిన నీరు. మూడు నదుల నీరు తాగే నగరం నాలుగో నదికి మురుగు ఇస్తోందన్నమాట.

ఆ మురుగే దిగువన వందలాది ఊళ్లకు సాగునీరు కావడం ఇందులోని చిక్కు. నిజాం కాలం నాటి కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) నుంచి కాలువలు, కాలువల నుంచి కుంటలు, వాటి కింద వరి. నగరం అంచున పాలకూర, తోటకూర, పుదీనా. ఒడ్డు పొడుగునా పారా గడ్డి. తెల్లవారుజామున కోసిన గడ్డి మోపులు నగరంలోని బర్రెల కొట్టాలకు చేరతాయి, ఆ పాలు ఇళ్లకు చేరతాయి. కాబట్టి మూసీ నీటిని కేవలం దిగువ ఊళ్ల బాధగా చూసే హైదరాబాదీ పొద్దున తాగే చాయ్‌ని ఒకసారి ఆలోచించుకోవాలి. బీబీనగర్, పోచంపల్లి మండలాల మధ్య రుద్రవెల్లి, జూలూరు ఊళ్లను కలిపే లోలెవల్ వంతెన మీదకు వరద వచ్చినప్పుడల్లా రాకపోకలు ఆగిపోతాయి. ఆ కబురు పత్రికల్లో వస్తుంది. వంతెన మునగని రోజుల్లో అదే నీరు పొలాల్లోకి ఏమి మోసుకుపోతుందన్నది వార్త కావడం లేదు.

మురుగునీటితో మనిషికి వచ్చే జబ్బులు రెండు రకాలు. కొన్ని వెంటనే కనబడతాయి: విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు, ఒంటి మీద దద్దుర్లు, కాలి వేళ్ల సందుల్లో నాని పడిన పుండ్లు. చెప్పుల్లేని పాదాల చర్మంలోంచి కొంకిపురుగు లోనికి చేరి నెత్తురు పీలుస్తుంది. కడగని ఆకుకూరతో ఏలికపాముల గుడ్లు కడుపులోకి వెళతాయి. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు తెస్తుంది. రెండో రకం నిదానంగా వస్తాయి. సీసం, కాడ్మియం వంటి లోహాలు ఏళ్ల తరబడి మట్టిలో పేరుకుని గడ్డిలోకి, గింజలోకి ఎక్కుతాయి. ఇరవై ఏళ్ల తర్వాత మూత్రపిండాలు చెడితే ఆ రోగి ఏ కాలువ కింద సేద్యం చేశాడని ఏ ఆసుపత్రీ అడగదు. దురదతో వచ్చిన రైతుకూలీకి పూతమందు రాసి పంపే వైద్యుడి తప్పు ఇందులో లేదు. ఆ ఊరి కాలువలో క్రిముల లెక్క ఎంతో ఆయన బల్ల మీద ఉండదు. కాలువ లెక్క తెలిసిన కాలుష్య నియంత్రణ మండలికి ఆ నెలలో ఎంతమందికి విరేచనాలు పట్టాయో తెలియదు. ఒకే జిల్లాలో, ఒకే ప్రభుత్వంలో, రెండు పుస్తకాలు ఒకదాని మొహం ఒకటి చూడకుండా నడుస్తున్నాయి.

నమూనా తీసే వేళ గురించి కూడా చెప్పుకోవాలి. నెలకోసారి పగటి పూట ముంచిన బొక్కెన ఆ ఘడియలో పారిన నీటి గురించి మాత్రమే చెప్పగలదు. రసాయన వ్యర్థాలను ట్యాంకర్లలో తెచ్చి రాత్రిపూట నాలాల్లో, మ్యాన్‌హోళ్లలో వదలడం, వాన పడిన రాత్రులు చూసుకుని మరీ వదలడం హైదరాబాదులో బహిరంగ రహస్యం. తెల్లవారేసరికి ఆ నీరు నగరం దాటిపోతుంది. కాలుష్యం అధికంగా ఉండే పరిశ్రమలు వ్యర్థజలాలు వదిలే చోట నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టాలని కేంద్ర మండలి 2014లోనే ఆదేశించింది. కానీ యంత్రం ఫ్యాక్టరీ గొట్టం దగ్గర కాపలా కాస్తే, ట్యాంకరు గేటులోంచి పోతుంది.

ఇంతకన్నా పెద్ద వెలితి మందుల అవశేషాలది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. ఆ మాత్ర వేసుకున్న రోగి నెత్తురులో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అప్పట్లో ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరాలో కలిసేది. ఆ వాగుల కాలుష్యం మీద సుప్రీంకోర్టులో 1990లోనే కేసు పడింది. తర్వాత దాదాపు 18 కిలోమీటర్ల పైపులైను వేసి శుద్ధిచేసిన ఆ వ్యర్థజలాలను నగర మురుగుతో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. మంజీరా భారం మూసీ నెత్తికెక్కింది. యాంటీబయాటిక్ కలిసిన నీటిలో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా రేపు మనిషి ఒంట్లో చేరితే మందుకు లొంగదు. అది మూసీ ఒడ్డున ఆగే జబ్బు కూడా కాదు. మందుల పరిశ్రమ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. చట్టంలో పరిమితి లేనిది నెలవారీ పరీక్షలోకి ఎలా వస్తుంది? దేశానికే కాక ప్రపంచానికి మందులు అమ్ముకునే నగరం ఈ ఒక్క లెక్క తప్పించుకోవడం మాకు సమంజసంగా తోచడం లేదు.

చేతకాక చేయడం లేదని అనడానికీ వీల్లేదు. 2016లో హైదరాబాదు మురుగు నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనబడింది. ఒక్క బిడ్డకూ జబ్బు రాకముందే, ఆ జూన్‌లోనే, సుమారు మూడు లక్షల మంది పిల్లలకు సూదిమందు టీకా వేసే కార్యక్రమం చేపట్టారు. 2020లో కోవిడ్ ఊపేస్తున్నప్పుడు జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఇవే శుద్ధి కేంద్రాల మురుగును పరీక్షించి, నగరంలో ఎందరికి వైరస్ సోకి ఉంటుందో అంచనా కట్టారు. ఉప్పల్‌లో, తార్నాకలో ఉన్న ఆ ప్రయోగశాలల నుంచి మూసీ కూతవేటు దూరం. మురుగులోంచి మహమ్మారి జాడ తీయగలిగిన చోట మందుకు లొంగని బ్యాక్టీరియా జాడ తీయలేమంటే ఎవరూ నమ్మరు. పోలియో విషయంలో నమూనాకూ సూదికీ మధ్య ఎవరు ఎవరికి కబురు చెప్పాలో ముందే రాసి ఉంది. మూసీ విషయంలో ఆ రాత లేదు.

నగరంలో కొత్తగా 31 మురుగు శుద్ధి కేంద్రాలను రూ.3,866 కోట్లతో 2021లో మంజూరు చేశారు. వాటితో మురుగు భారం తగ్గుతుంది. తగ్గాలి. అయితే శుద్ధి కేంద్రం మనుషుల విసర్జనలను అరిగించడానికి కట్టినది. లోహాలను, మందుల అవశేషాలను పట్టుకోవడం దాని పని కాదు. అందుకే కేంద్రాలు పెరిగేకొద్దీ పరీక్షలు తగ్గించవచ్చనుకోవడం పొరపాటు. మూసీ పునరుజ్జీవం గురించిన చర్చ చాలావరకు నగరంలోని 55 కిలోమీటర్ల తీరం చుట్టూ, అక్కడి ఇళ్ల తొలగింపు చుట్టూ తిరిగింది. 2024 నవంబరులో ముఖ్యమంత్రి వలిగొండ మండలం సంగెం దగ్గర నది వెంట నడిచినప్పుడు దిగువ ఊళ్ల గోడు కాసేపు వినిపించింది. ఆ గోడుకు ప్రభుత్వ రికార్డులో శాశ్వతంగా చోటు దొరకాలంటే పరీక్షా కేంద్రాలు వంతెనల దగ్గరే ఆగకూడదు. కత్వ దగ్గర, పంట కాలువ తూము దగ్గర, గడ్డి మడి దగ్గర, కాలువ పక్కన తాగునీటి బోరు దగ్గర, అంటే మనిషి చేయి తగిలే ప్రతి రకం చోట నమూనా తీయాలి. కొన్ని నమూనాలు రాత్రిళ్లు, తొలి వాన పడిన మర్నాడు తీయాలి. నీటితో పాటు ఆకుకూరను, గడ్డిని, పాలను ఏటా పరీక్షించాలి. ఫలితం జిల్లా వైద్యాధికారికి అదే వారంలో చేరాలి. ఆయన దగ్గరి విరేచనాల, చర్మవ్యాధుల లెక్క మండలికి చేరాలి. ఇంగ్లీషు పట్టికగా వెబ్‌సైటులో పెట్టి చేతులు దులుపుకోకుండా, ఈ నెల కాలువ నీటిలో దిగవచ్చా, ఈ నీటితో కూరలు కడగవచ్చా అన్న రెండు మాటలు తెలుగులో గ్రామ పంచాయతీ గోడ మీద రాయించాలి. దానికి ఖర్చయ్యేది ఒక డబ్బా రంగు.

ఇది తెలంగాణ ఒక్కదాని వ్యవహారం కూడా కాదు. మూసీ నాగార్జునసాగర్‌కు దిగువన, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ నీరే పులిచింతల మీదుగా ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. నీటి వాటాల మీద ట్రిబ్యునళ్ల ముందు దశాబ్దాలుగా వాదించుకుంటున్న రెండు రాష్ట్రాలు ఆ నీటిలో ఏముందో తెలిపే లెక్కను నెలకోసారి ఇచ్చిపుచ్చుకోవడానికి ట్రిబ్యునల్ తీర్పు అక్కర్లేదు. సంగమానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లూ కలిసి తీసే నమూనాలు చాలు.

వాడపల్లి సంగమంలో అగస్త్యేశ్వరుడి గుడి, నరసింహస్వామి గుడి ఉన్నాయి. 2016 కృష్ణా పుష్కరాలకు అక్కడి ఘాట్లలో జనం పెద్ద ఎత్తున మునిగారు. మళ్లీ పుష్కరాలు 2028లో. ఘాట్లకు సున్నం వేయించడానికి, దీపాలు కట్టడానికి అంచనాలు ఎటూ తయారవుతాయి. స్నానపు నీటికి కోలిఫాం గరిష్ఠ పరిమితి 2,500 అని చట్టం చెబుతున్నందున, ఆ పన్నెండు రోజులూ ప్రతి ఘాటు మెట్టు దగ్గర అంతకుముందు తేలిన తాజా లెక్కను బోర్డు మీద రాయడానికి కావలసిన ప్రయోగశాలను, మనుషులను ఇప్పటి నుంచే సిద్ధం చేయాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం.