డోలోరెస్ అనే పేరుకు ఒక ఉత్తరం

డోలోరెస్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా. కానీ కుశలం మీ ఇంటా వంటా లేదాయె. స్పానిష్‌లో మీ పేరుకు అర్థం బాధలు. ఒకటి కాదు, బహువచనం. పురిటినొప్పులకూ వాళ్లు అదే మాట వాడతారు. అంటే రాత్రంతా నొప్పులు పడ్డ తల్లి, తెల్లారి పుట్టిన పిల్లను ‘నొప్పులూ’ అని పిలుచుకోవచ్చన్నమాట! మనవాళ్లు దిష్టి తగలకుండా పెంటయ్య, పెంటమ్మ అని పెట్టారు గానీ ఇంత ధైర్యం చేయలేదు.

మీ పూర్తి పేరు ‘మరియా దె లోస్ డోలోరెస్’ అనీ, అది గుండెలో ఏడు కత్తులు దిగిన వ్యాకుల మాత, అంటే ఏసు తల్లి మరియ పేరనీ నాకు తెలుసు. మీ చుట్టాలదీ అదే వరస. సొలెదాద్ అంటే ఒంటరితనం, అంగుస్తియాస్ అంటే వేదన. పెళ్లిలో మీ ముగ్గురినీ ఒకే బంతిలో కూర్చోబెడితే పక్కవాళ్లకు ముద్ద దిగుతుందా?

ఇంట్లో మాత్రం లోలా అని పిలిపించుకుంటారు. ఏడుపంతా కాగితాల మీద, కులుకంతా వాడుకలో! 1923లో హెరెస్‌లో పుట్టిన మరియా డోలోరెస్ ఫ్లోరెస్, లోలా ఫ్లోరెస్‌గా ఆటపాటలతో స్పెయిన్‌ను ఊపేసింది. ఐర్లాండ్ పిల్ల ఎలైజా గిల్బర్ట్ అయితే మీ ముద్దుపేరు ఎత్తుకుపోయి, స్పానిష్ డాన్సర్ లోలా మాంటెజ్‌నంటూ బవేరియా రాజు లుడ్విగ్ మతి పోగొట్టింది. ఆ గొడవల్లోనే 1848లో ఆయన గద్దె దిగాడు.

అసలు ఫిర్యాదు ఇది. పేరుకు తగ్గట్టు ఒక్కరోజైనా మూల కూర్చుని ఏడ్చారా? 1936లో స్పెయిన్‌లో ఫాసిస్టులు తిరగబడితే, కమ్యూనిస్టు నాయకురాలు డోలోరెస్ ఇబార్రురి మాడ్రిడ్ రేడియోలో ‘నో పాసరాన్’, వాళ్లను అడుగు దాటనివ్వం అని గర్జించింది. 1972లో అమెరికాలో డోలోరెస్ వెర్తా పొలం కూలీల చేత ‘సీ, సె ప్వేదె’, మనవల్ల అవుతుంది అనిపించింది. చివరికి ఊరికి పెట్టినా అంతే. మెక్సికోలోని డోలోరెస్‌లో 1810 సెప్టెంబరు 16 తెల్లవారుజామున చర్చి ఫాదర్ మిగెల్ ఇదాల్గో గంట కొట్టి స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు లేపాడు. ఇప్పటికీ ఏటా సెప్టెంబరు 15 రాత్రి ఆ దేశాధ్యక్షులు గంట కొడతారు. వ్యాకుల మాత పండగా ఆ రోజే. పగలు కన్నీళ్లు, రాత్రి బాణసంచా!

ఇంతకీ ఎందుకు రాశానంటే, మా అక్క కూతురు ఆశ్లేష నాలుగో పాదంలో పుట్టింది. పంతులుగారు ‘డో’ అక్షరంతో పేరు పెట్టమన్నారు. ఇంటిల్లిపాదీ తల పట్టుకుని కూర్చుంటే, మీ పేరు చెప్పాను. భలే ఉందిరా అన్నారు. అర్థం ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
పిల్ల మేనమామ