పటాసులకు భయపడే కుక్కకు నిద్ర గమ్మీ: ఆ మెసేజ్‌లో ఏది నిజం, ఏది కాదు

దీపావళి దగ్గర పడితే చాలు, కుక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా తిరగడం మొదలవుతుంది. నిద్ర పట్టడానికి మనుషులు నమిలే మెలటోనిన్ గమ్మీ (జెల్లీ మిఠాయి లాంటి మాత్ర) గురించి అది. క్లుప్తంగా ఇది: "మెలటోనిన్ ఒంట్లో సహజంగా తయారయ్యేదే. మనం వేసుకునే గమ్మీ ఒకటి పెట్టండి. పటాసుల భయం పోయి హాయిగా పడుకుంటుంది. చాలకపోతే ఇంకోటి పెట్టండి. డాక్టర్ దాకా వెళ్లక్కర్లేదు."

ముందు ఇందులో ఉన్న నిజం చెప్పుకుందాం. మెలటోనిన్ కుక్కలకు విషం కాదు. కొన్ని పొమేరేనియన్లకు బొచ్చు రాలిపోయే సమస్యలోనూ, రాత్రిళ్లు నిద్రపోకుండా ఇల్లంతా తిరిగే ముసలి కుక్కలకూ వెటర్నరీ డాక్టర్లే దీన్ని రాస్తుంటారు. కాస్త ఎక్కువైనా సాధారణంగా మత్తు, వాంతి, విరేచనాలతో పోతుంది.

"సహజమైనదే" అన్న మాట మాత్రం నిలబడదు. ఇన్సులిన్ కూడా ఒంట్లో సహజంగా తయారయ్యేదే, అలాగని దాన్ని ఎవరూ అందాజాగా ఎక్కించరు కదా. మెలటోనిన్ ఒక హార్మోన్. చీకటి పడిందని ఒంటికి చెప్పడంతో పాటు సంతానోత్పత్తి హార్మోన్ల మీదా ప్రభావం చూపుతుంది. చూలుతో ఉన్న కుక్కకు, చిన్న కుక్కపిల్లలకు, షుగర్ ఉన్నదానికి, వేరే మత్తు మందులు వాడుతున్నదానికి సొంతంగా ఇవ్వకూడదు.

అసలు గండం గమ్మీలో ఉంది. షుగర్‌ఫ్రీ గమ్మీలు, చప్పరించే మాత్రలు, స్ప్రేలలో కొన్నిటికి తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. మనకు అది విషం కాదు. కుక్క ఒంట్లో మాత్రం ఒక్కసారిగా ఇన్సులిన్ పొంగేలా చేసి, ఒక్కోసారి అరగంటలోనే రక్తంలో చక్కెరను పడగొడుతుంది. బరువులో కిలోకు 0.1 గ్రాము చాలు. ఇంకా ఎక్కువ పడితే లివర్ దెబ్బతింటుంది, అది బయటపడటానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. లేబుల్ మీద దాని పేరు బర్చ్ షుగర్ అనో, 967 అనే నంబరుగానో కూడా ఉండొచ్చు. నిద్ర కోసమని అమ్మే కొన్నిటిలో 5-హెచ్‌టీపీ (5-HTP) అనే పదార్థం కూడా కలుస్తుంది. దానివల్ల కుక్కకు వణుకు, జ్వరం, ఫిట్స్ రావచ్చు. ఇప్పటికే పెట్టేసి ఉంటే, లేబుల్‌లో ఈ రెండిట్లో ఏది కనిపించినా లక్షణాల కోసం ఎదురుచూడకండి. డబ్బా చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.

"చాలకపోతే ఇంకోటి" అంటున్నారు. ఆ ఒక్కదానిలో ఎంత ఉందో తెలిస్తే కదా? 2023లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరిశోధనలో 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ లెక్క తప్పింది. రాసినదానిలో 74 శాతం నుంచి 347 శాతం దాకా ఉంది. ఒకదానిలోనైతే మెలటోనిన్ అసలు లేనే లేదు. వెటర్నరీ డాక్టర్లు మామూలుగా మధ్యస్థ సైజు కుక్కకు 3 మిల్లీగ్రాములు, బాగా చిన్నదానికి 1, భారీ జాతులకు 6 దాకా చెబుతారు. అంగట్లో 10 మిల్లీగ్రాముల గమ్మీలూ దొరుకుతాయి. మూడు కిలోల పొమేరేనియన్‌కు అలాంటివి రెండు వేస్తే లెక్క ఎక్కడికి పోతుందో చూడండి. డాక్టర్ సరే అంటే మెడికల్ షాపులో దొరికే, వేరే ఏమీ కలపని సాదా మాత్ర నయం.

ఇక "భయం పోతుంది" అన్నది. ఆ మాటకు గట్టి ఆధారం లేదు. పటాసుల భయంపై 2020లో వచ్చిన ఒక సర్వేలో వెయ్యి మందికి పైగా యజమానులను అడిగితే, డాక్టర్ రాసిన మందులు వాడినవాళ్లలో 69 శాతం మంది అవి పనిచేశాయని చెప్పారు. సప్లిమెంట్లు, మూలికల లాంటివాటికి ఆ సంఖ్య 27 నుంచి 35 శాతం మధ్యే ఉంది. ప్రతి చప్పుడుకీ వెంటనే ఇష్టమైన తిండి పెట్టడమో, ఆడించడమో చేసినవాళ్లలో 70 శాతానికి పైగా ఫలితం ఉందన్నారు. ఖర్చులేని పని అదే! దీనికి తోడు సాయంత్రం చప్పుళ్లు మొదలవకముందే వాకింగ్ ముగించి, కిటికీలు మూసి, టీవీ పెట్టి ఉంచండి. గజగజలాడిపోయే కుక్కలకు ట్రాజడోన్, గాబాపెంటిన్ లాంటి మందులు ఉన్నాయి. వాటిని కూడా పండగకు కొన్ని రోజుల ముందే డాక్టర్ చెప్పిన మోతాదులో ఒకసారి వేసి, కుక్కకు పడుతుందో లేదో చూసుకోవాలి.

డాక్టర్ అక్కర్లేదన్న మాట అన్నిటికన్నా ముసలి కుక్కల విషయంలో చేటు చేస్తుంది. పదేళ్లు దాటిన కుక్క రాత్రిళ్లు లేచి తిరుగుతోందంటే కీళ్ల నొప్పి ఉండొచ్చు, కిడ్నీలు చెడి మాటిమాటికీ మూత్రం వస్తుండొచ్చు, చూపు మందగించి ఉండొచ్చు. మాత్రతో దాన్ని పడుకోబెడితే మనకు నిద్ర పడుతుందేమో గానీ, లోపలి జబ్బు అలాగే ముదురుతుంది. రక్తం, మూత్రం పరీక్షలు చేయించాక, వేరే కారణం లేదని తేలితే అప్పుడు మెలటోనిన్ సంగతి డాక్టర్‌నే అడగండి.