సవరణ: వల్లం వడగాల్‌లో ఉన్నవి కుటుంబాలకు ఇచ్చే ఇళ్లు కావు

శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో సిప్కాట్ (తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామిక ప్రోత్సాహక సంస్థ) కట్టిన భవనాల్లో కార్మిక కుటుంబాలకు తక్కువ అద్దెకు ఇళ్లు దొరుకుతాయని మొన్న రాశాను. అది తప్పు, సరిగా చదవకుండా రాశాను. ప్రభుత్వ ప్రకటన ప్రకారం, 2024 ఆగస్టులో ప్రారంభమైన ఆ 13 బ్లాకులు మహిళా ఉద్యోగుల వసతి గృహాలు. గదికి ఆరుగురు, మొత్తం 18,720 మంది. నా మాట నమ్మి నాయుడుపేటలో ఒక అక్క అప్పుడే గిన్నెలు మూటకట్టారు. ముందుగా ఆమెకే ఫోన్ చేసి చెప్పాను. కుటుంబాలకూ ఇలాంటి వసతి కావాలన్న మాట మీద మాత్రం గట్టిగానే ఉన్నాను.

ఇంకొకటి: చెన్నై మహానగర ప్రాంతంలో భూ వినియోగ మార్పును చూసేది నేను రాసినట్టు నగర పాలక సంస్థ కాదు, సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ).