తవ్వే ముందు చూడటానికీ డబ్బు కట్టాలి

చెన్నైలో ఏ వీధికి వెళ్లినా ఏదో ఒక తవ్వకం. కరెంటు కేబుల్ వాళ్లు పూడ్చి వెళ్లిన చోటే వాననీటి కాలువ వాళ్లు మళ్లీ తవ్వుతారు. జేసీబీ తగిలి పైపు పగిలితే రెండు వీధులకు నీళ్లు ఆగిపోతాయి, లారీ నీళ్ల కోసం ఇంటిల్లిపాదికీ టెన్షన్. కింద ఏముందో ముందే తెలిస్తే ఇందులో చాలా భాగం తప్పేది.

తవ్వకుండానే ఆ సంగతి చెప్పే కంపెనీలు ఈ నగరంలోనే పుడుతున్నాయి. ఐఐటీ మద్రాసులో మొదలైన సోలినాస్ వాటిలో ఒకటి. దాని ఎండోబాట్ అనే చిన్న రోబో పైపులోకి దూరి ఎక్కడ పగులుందో, ఎక్కడ అడ్డుపడిందో చూపిస్తుంది. మనిషి దిగకుండానే సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేసే హోమోసెప్ కూడా ఐఐటీ మద్రాసులోనే తయారైంది. 2022లో మొదటి రెండు యంత్రాలను, ఈ పనిలో భర్తలను పోగొట్టుకున్న మహిళలు నడిపే స్వయం సహాయక బృందాలకు ఇచ్చారు. అందుకు తోడ్పడిన, పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమ సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్, కోలార్ బంగారు గనుల ఊళ్లో పారిశుద్ధ్య పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టినవారు.

మాకు ఇది వ్యాపార పేజీ వార్తగా మాత్రమే కనిపించడం లేదు. తరాల కిందట ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఈ నగరం మురుగు మోసిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక పోయినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. చెన్నైతో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించడాన్ని నిషేధిస్తూ 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.

అయితే ఈ నేల లోపలికి చూడటం తేలిక పని కాదు. భూగర్భ రాడార్‌ను తోపుడు బండిలా రోడ్డు మీద తోసుకుపోతారు. అది నేలలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిని చదువుతుంది. ఎండు ఇసుకలో బాగా లోతు దాకా చూడగలదు. తడి బంకమట్టిలో, ఉప్పునీరు కలిసిన చోట ఆ తరంగం కొద్ది లోతుకే నీరసిస్తుంది. సముద్రం ఒడ్డున్న చెన్నైలో ఒక వీధి ఇసుక, పక్క వీధి బంక. లోహపు పైపును పట్టే పరికరానికి ప్లాస్టిక్ పైపు కనిపించదు. లీకులను శబ్దంతో పట్టాలి. వీధి సద్దుమణిగాక పైపుకు కడ్డీ ఆనించి చెవి పెట్టి వినడం పాత పద్ధతి. ఇప్పుడు పైపు మీద రెండు చోట్ల సెన్సర్లు పెడతారు. లీకు చప్పుడు ఒకదానికంటే మరొకదానికి ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి చోటు చెబుతారు. కానీ పైపులో నీరు ఒత్తిడితో పారుతున్నప్పుడే ఆ చప్పుడు ఉంటుంది. రోజుకు కొన్ని గంటలే నీళ్లొచ్చే వీధిలో వినడానికి దొరికే సమయమూ అంతే. మిగతా గంటల్లో అదే పగులు గుండా మురుగు లోపలికి చేరుతుంది.

ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి, 1996లో మొదటిసారి చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయానికి చేరిన కృష్ణా నీటి కోసం రెండు ప్రాంతాలు ఎంత శ్రమపడ్డాయో పెద్దవాళ్లకు గుర్తుంది. ఆ నీరు మన వీధి చివర మట్టిలో ఇంకిపోవడం మాకు బాధ కలిగిస్తోంది.

మరి ఈ కంపెనీలు ఎందుకు వేగంగా ఎదగవు? అసలు చిక్కు పనికి ముందు వేసే ఖర్చు ఎస్టిమేట్‌లో ఉందని మా అభిప్రాయం. తవ్వకానికి ఒక రేటు, పైపుకు ఒక రేటు, పూడ్చడానికి మరో రేటు. ముందుగా చూసి చెప్పడానికి రేటు రాయడం అరుదు. కొత్త కంపెనీకి ఒక పైలట్ పని ఇస్తారు, ఫొటోలు దిగుతారు, తర్వాత తక్కువ ధర కోట్ చేసినవాడికే టెండరు. మన నేలను వీధి వీధీ తిరిగి నేర్చుకున్న అనుభవానికి ఆ టెండరులో విలువ కట్టే గడి ఉండదు.

తవ్వేవాళ్లు కింద లైన్లున్న సంస్థలకు ముందుగా తెలియజేసేందుకు 2023 మార్చిలో కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. అడ్డదిడ్డంగా తవ్వడం వల్ల ఏటా దాదాపు రూ.3000 కోట్లు నష్టమని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. యాప్ మంచిదే. కానీ తన పైపు ఎక్కడుందో సంస్థకే సరిగ్గా తెలియకపోతే అడిగినవాడికి ఏం చెబుతుంది?

కాబట్టి ప్రతి రోడ్ కట్ అనుమతిలో సర్వేకు విడిగా డబ్బు కేటాయించాలి. సర్వేలో తేలిన మ్యాపు కంపెనీ సొంతం కాకూడదు. అది నగరానిది, వార్డు ఇంజనీరు ఫోన్‌లో ఉండాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోగా, కొత్తగా తవ్వబోయే వీధుల్లోనైనా ఇది మొదలుకావాలి. ఈ యంత్రాలు నడిపే బృందాల్లో, ఇన్నాళ్లూ మ్యాన్‌హోళ్లలోకి దిగిన కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇచ్చి మొదటి ఉద్యోగాలు ఇవ్వాలని మేము కోరుతున్నాం. ఏ వీధి కింద ఏ లైను ఎటు పోతుందో వాళ్ల ఇళ్లలో చాలామందికి ఇప్పటికే తెలుసు.