ముందు రేకుల గదులకు సున్నం

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్‌లో ఏ బస్తీకైనా వెళ్లి, ఓ రేకుల గదిలో పావుగంట కూర్చుని రావాలి. గాలికి లేచిపోకుండా రేకుల మీద పెట్టిన బండరాళ్లు, పాత టైర్లు బయటి నుంచే కనిపిస్తాయి. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, విసిరేది మాత్రం వడగాలి. స్టీలు బిందెలో నీళ్లు కాచినట్టుంటాయి. నల్లా వచ్చిన రోజున గోనెసంచులు తడిపి రేకుల మీద పరుస్తారు. కాసేపటికే అవి పెళుసెక్కిపోతాయి. ఆ వేళప్పుడు ఆ గదిలో ఉండేది ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, కుట్టుమిషను దగ్గర నుంచి లేవడానికి వీల్లేని ఆడవాళ్లు. వడదెబ్బ అనగానే మనకు రోడ్డు పక్కనో పొలంలోనో కుప్పకూలిన మనిషే గుర్తొస్తాడు. ఇంటిపట్టున ఉంటే ఎండ ఏం చేస్తుందిలే అనుకోవడం స్లాబు కింద బతికేవాళ్లకే చెల్లుతుంది.

ఇంటి పైకప్పు సంగతి సర్కారు ఆలోచించలేదని అనలేం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం, అంటే ఎండను వెనక్కి కొట్టే చల్లని కప్పుల విధానం, ప్రకటించింది. ఒక రాష్ట్రం అలాంటిది తేవడం దేశంలో అదే మొదలు. ఆ విధానం ప్రకారం 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర పైకప్పులు చల్లబడాలి. అందులో 200 హైదరాబాద్ వాటా. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. ఇళ్ల విషయానికి వస్తే 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి, అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. తప్పనిసరైన చోట చల్లని కప్పు లేకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టిన భవనంలో చేరడానికి ఇచ్చే అనుమతి పత్రం, ఇవ్వరు.

చిక్కంతా ఆ సర్టిఫికెట్ దగ్గరే ఉంది. అది కావాలనుకునేవాడి మెడే ప్రభుత్వం వంచగలదు. రేకుల గదికి ప్లానూ లేదు, పర్మిషనూ లేదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అనే కాగితం ఒకటుంటుందని అందులో ఉండేవాళ్లకు తెలియదు కూడా. ఆరు వందల గజాల్లో ఇల్లు కట్టుకున్నవాడికి ఎలాగూ ఏసీ ఉంటుంది. దాని వెనక నుంచి వచ్చే వేడి గాలి పక్క బస్తీ మీదికే పోతుంది! పెద్ద భవనాల కప్పులు చల్లబడితే కరెంటు మిగులుతుంది, నగరం మొత్తానికీ వేడి తగ్గుతుంది, కాదనం. మా అభ్యంతరం వరుస గురించి. ఎవరి కప్పు వల్ల ప్రాణం పోయేలా ఉందో వాళ్లు ఈ వరుసలో చివరన కూడా లేరు.

ఇందులో అర్థం కాని శాస్త్రమేమీ లేదు. తెల్లని కప్పు ఎండను వెనక్కి కొడుతుంది, నల్లబడ్డ కప్పు తాగేస్తుంది. రేకు పల్చన కాబట్టి తాగిన వేడిని తాగినట్టే కిందికి దింపుతుంది. హైదరాబాద్‌లోనే 2017లో ఓ పాతిక పేద ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూస్తే, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండంటే లెక్కా అనిపించవచ్చు. అర్ధరాత్రి దాటినా గోడలు సెగలు కక్కే గదిలో ఆ రెండు డిగ్రీలకే నిద్ర పడుతుంది. డాబాల వాళ్లు ఏటా వేసవికి ముందు సున్నంలో జిగురు కలిపి పైన పూయించుకోవడం ఇప్పుడు వీధివీధినా చూస్తున్నదే.

అహ్మదాబాద్ ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2010 మే వడగాలులకు ఆ ఒక్క నగరంలోనే మామూలు కంటే 1,300 మందికి పైగా అదనంగా చనిపోయారు. 2013లో అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ దక్షిణాసియాలోనే మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. 2017లో పేదల ఇళ్లనే ఎంచుకుని 3,000 కప్పులకు తెల్లరంగు వేయించే పని పెట్టుకుంది. మనకూ 2015 మే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా రాలిపోయిన నెల అది.

డబ్బు లేదంటే ఒక చిన్న లెక్క. వడదెబ్బ మరణానికి ఇచ్చే పరిహారాన్ని తెలంగాణ 2025 ఏప్రిల్‌లో 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి పని, ఆ సాయం ఆగకూడదు. కూల్ రూఫ్ విధానం విడుదల చేసిన రోజున అప్పటి పురపాలక మంత్రి కె.టి.రామారావు చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. ఇరవై చదరపు మీటర్ల గదికి 6,000 అనుకున్నా, ఒక్క పరిహారం సొమ్ముతో అరవైకి పైగా గదుల కప్పులు తెల్లబడతాయి. మామూలు సున్నమైతే ఇంకా చవక. కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది, దుమ్ముకు మాసిపోతుంది. మళ్లీ మళ్లీ పూయాలి. ఒకసారి ఫొటో దిగి వదిలేసే పథకం కాదిది.

అసలు అడ్డంకి వేరే ఉంది. బస్తీలో చాలామంది అద్దెకుండేవాళ్లే. యజమాని ఆ గదిలో పడుకోడు, అందుకే ఖర్చు పెట్టడు. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని కిరాయిదారు ఎలా పెడతాడు? పట్టా లేని జాగాలో పని చేస్తే ఆక్రమణను ఒప్పుకున్నట్టవుతుందేమోనని అధికారి వెనకాడతాడు. ఆ జాగాకు కరెంటు మీటరు ఇచ్చినప్పుడు రాని భయం సున్నం డబ్బా దగ్గర ఎందుకు? రేకులకు రంగు వేసినంత మాత్రాన భూమి ఎవరిదీ అయిపోదని ఒక్క సర్క్యులర్‌లో రాస్తే సరిపోతుంది.

పని ఎవరు చేయాలన్నది పెద్ద సమస్య కాదు. ఏ గదిలో బాలింత ఉంది, ఎక్కడ మంచం దిగలేని ముసలాయన ఉన్నాడు అనేది ఆ వీధి ఆశా కార్యకర్తకు కంఠతా వస్తుంది. ఆమె దగ్గరి జాబితాతో మొదలుపెట్టి, పూత పనిని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింది మహిళా సంఘాలకు కూలి కట్టి అప్పజెప్పవచ్చు. ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి అని సర్కారు తానే రాసుకుంది కాబట్టి, బస్తీలోని అంగన్‌వాడీ కప్పు మీద ముందు పూయాలి. ఏ వార్డులో ఎన్ని కప్పులు పూర్తయ్యాయో వార్డు ఆఫీసు గోడ మీదే రాయాలి. విధానానికి పెట్టుకున్న ఐదేళ్లలో సగానికి పైగా కరిగిపోయింది. ఎండలు ముదిరాక టెండర్లు పిలిచి, రోళ్లు పగిలే రోహిణికి రంగు డబ్బాలు తెప్పించే అలవాటు ఇక్కడ కుదరదు. జాబితా సంక్రాంతికి, పూత శివరాత్రికి పూర్తి కావాలి. ఏప్రిల్ వచ్చిందంటే ఆ రేకుల మీద కాలు పెట్టడం పూత పూసేవాళ్ల వల్ల కూడా కాదు.