సవరణ: చెరువులో దొరికిన వెండి పిన్ను శాతవాహనుల నాటిది కాదు

ఆత్మకూరు దగ్గర మా ఊరి చెరువు పూడిక తీస్తుంటే మా బాబాయికి దొరికిన వెండి పిన్ను (బట్టకు గుచ్చుకునేది, వేలెడు పొడవు, తల మీద చిన్న మొగ్గ) రెండు వేల ఏళ్ల నాటిదని పోయిన వారం రాశాను. అది తప్పు.

నల్లబడింది కాబట్టి పాతదనుకున్నాను. వెండి గాలికే కొన్నేళ్లలో నల్లబడుతుంది, దాన్నిబట్టి వయసు చెప్పలేం. పక్కనే పాత కుండపెంకులు దొరికాయన్నాను, కానీ చెరువు మట్టిలోకి వాననీళ్లతో ఎక్కడెక్కడివో కొట్టుకొస్తాయి, పైగా జేసీబీ పైదీ కిందదీ కలిపేసింది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి రోమన్ బంగారు నాణేల కుండ తగిలిందని కూడా రాశాను, ఆ మాట నిజమే, అయితే దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

అసలు సంగతి మా ఆచారి గారి భూతద్దంలో తెలిసింది. పిన్ను చేసిన తీగ పొడవునా సన్నటి గీతలు, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. కమ్మచ్చులో (తీగను సన్నగా లాగే చిల్లుల పలకలో) లాగిన తీగకే అలా పడతాయట. శాతవాహనుల కాలంలో తీగను సుత్తితో కొట్టో, సన్నటి రేకును మెలిపెట్టో చేసేవారు, మెలిపెట్టిన దాని మీద గీత చుట్టూ తిరుగుతూ పోతుంది. కాబట్టి ఇది చాలా తర్వాతిది. ఎన్నేళ్లదో నేను చెప్పను, మ్యూజియం వాళ్లు చూడాలి.

ఇంకొకటి, దొరికినవాళ్లదే సొత్తని కామెంట్లో అన్నాను, అదీ తప్పే. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు రాసి తెలియజేయాలి. బాబాయి చేత అర్జీ రాయించాం. దయచేసి ఎవరికైనా ఇలాంటిది దొరికితే చింతపండుతో తోమకండి, మేం సగం తోమేశాం, ఆ వైపు గీతలు ఇప్పుడు సరిగా కనపడటం లేదు.